డిస్కు ముట్టుకునే ముందు

శ్రీకాకుళం

చిట్టితల్లీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు వాళ్ళ నాన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అట, అదేదో వేస్తానంటోంది. యూట్యూబ్ చూసి తనే చేసేస్తుందట. పాడవదు కదరా?" అంది. పాడవదక్కా అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపు పెట్టుకుని పద్దెనిమిదేళ్ళు ఊరందరి కంప్యూటర్లూ బాగుచేశాను. మన ఇంట్లో ఒక్కరికీ ఈ పని మీద మనసు పోలేదే అని లోపల ఉండేది. నువ్వు మొదలుపెడతానన్నావని వినగానే కడుపు నిండింది. భయం కూడా వేసింది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నీ ఆలోచన మంచిదే. ఉబుంటు కూడా విండోస్ లాంటి సిస్టమే, లినక్స్ రకం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఆ ల్యాప్‌టాప్ విండోస్ 11కి సరిపోదు. ఉబుంటు వేయడం అరగంట పని. దానికి ముందు డిస్కుని సిద్ధం చేసుకోవడానికి మాత్రం ఒక పూట పెట్టు.

అందులో రెండు డిస్కులున్నాయని నీకు గుర్తుందా? సీడీ డ్రైవ్ తీసేసి, ఆ గూట్లోకి పాత 1 టీబీ డిస్కుని మార్చి, దాని చోట 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కు) నేనే బిగించాను. విండోస్ ఎస్ఎస్‌డీలో ఉంది. మీ నాన్న సామానంతా పాత డిస్కులో ఉంది. నా భయమంతా ఈ రెండింటి గురించే. ఎందుకో చెబుతాను, విను.

2006 మాఘమాసం. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వరసగా ఉన్నాయి. నరసన్నపేట వైపు స్టూడియో నడిపే ఆయన సీపీయూ పట్టుకొచ్చారు. ఆన్ చేస్తే విండోస్ రావట్లేదు. "ఫొటోలు రెండో డిస్కులో ఉన్నాయి, దాన్ని ముట్టుకోవద్దు" అని ఆయన చెప్పే వెళ్ళారు. నేను మూత తీసి చూడనైనా చూడలేదు. వైరస్ అయ్యుంటుంది, విండోస్ ఎక్స్‌పీ మళ్ళీ వేసేద్దాం అనుకున్నాను. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన బస్సుకి టైమైపోతోందని తొందరపెడుతున్నాడు.

ఎక్స్‌పీ వేసేటప్పుడు నీలం తెర మీద డిస్కులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. రెండూ 40 జీబీవే, ఒకే కంపెనీవి. రెండింటికీ 38 వేల చిల్లర ఎంబీ అని అదే అంకె. పైన ఉన్నదే విండోస్ డిస్కు అనుకున్నాను. డి నొక్కాను. నిజంగా తీసేయాలా, అయితే ఎల్ నొక్కు అంది. నొక్కాను. ఖాళీ జాగా చూపించింది, సి నొక్కి కొత్త పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) చేసి, క్విక్ ఫార్మాట్ కొట్టి, ఆ బస్సు ఆయన పని చూడటానికి వెళ్ళిపోయాను.

అంతకు ముందు వారం స్టూడియో కుర్రాడు దుమ్ము దులుపుతూ డిస్కులు విప్పి, తిరిగి పెట్టేటప్పుడు జంపర్లు, అంటే ఏ డిస్కు మొదటిదో చెప్పే చిన్న క్లిప్పులు, తారుమారు చేశాడట. ఫొటోల డిస్కు మాస్టర్ (మొదటిది) అయింది, విండోస్ డిస్కు స్లేవ్ (రెండోది) అయింది. విండోస్ రాకపోవడానికి కారణం అదే. వైరస్ లేదు, ఏమీ లేదు. మూత తీసి జంపర్లు చూసుంటే రెండు నిమిషాల పని.

మర్నాడు ఆయన వచ్చి, నా ఎదురుగానే రెండో డిస్కు తెరిచారు. అందులో పాత విండోస్ ఫోల్డర్ చెక్కుచెదరకుండా ఉంది. ఆయనకు అర్థం కాలేదు, నాకు అయింది. మూడు పెళ్ళిళ్ళు, 1800 పైచిలుకు ఫొటోలు. ఆ రోజుల్లో మెమరీ కార్డులు ఖరీదు, ఒక పెళ్ళి అవగానే తుడిచి ఇంకో పెళ్ళికి వాడేవారు. కార్డుల్లోనూ ఏమీ మిగల్లేదు.

నాలుగు రాత్రులు రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి కూర్చున్నాను. 212 వచ్చాయి. వాటిలో సగం ఫొటోలకు కింది భాగం లేదు. ఎక్స్‌పీ ఫైళ్ళు వాటి మీద రాసుకుపోయాయి. తాళి కట్టే ఫొటో ఒకటి ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. పైన పెళ్ళికూతురి ముఖం, నడినెత్తిన జీలకర్ర బెల్లం, వంగి ఉన్న పెళ్ళికొడుకు నుదుటి బాసికం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆమె గడ్డం కింద నుంచి అంతా బూడిదరంగు. తాళి పట్టుకున్న చేతులు లేవు.

స్టూడియో ఆయనతో కలిసి ఆ పెళ్ళికూతురి ఇంటికి నేనూ వెళ్ళాను. తప్పు నాదని నేనే చెప్పాను. ఆమె తండ్రి మంచినీళ్ళు ఇప్పించి, కాసేపు ఊరుకుని, "మా అమ్మ ఉన్నది ఒక్కటైనా వచ్చిందా?" అని అడిగారు. ఆ పెద్దావిడ మనవరాలి పెళ్ళైన పదో రోజున పోయారు. వచ్చినవన్నీ మళ్ళీ వెతికాను. ఒకదాన్లో అక్షింతల వేళ, వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో, ఓ పక్కగా కూర్చుని ఉన్నారు. దాన్నే పెద్దది చేసి, ప్రింట్ తీయించి పట్టుకెళ్ళాను. స్టూడియో ఆయన మూడు కుటుంబాలకూ డబ్బు వెనక్కిచ్చారు. అందులో నా వంతు ఎనిమిది నెలల్లో కట్టుకున్నాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదమ్మా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడు ఆ కాసినైనా వచ్చాయంటే అది పాతకాలపు తిరిగే డిస్కు కాబట్టి. అందులో పార్టిషన్ తీసేసినా, మీద కొత్తది పడేదాకా పాత సమాచారం అలాగే ఉంటుంది. ఎస్ఎస్‌డీ అలా కాదు. తీసేసిన జాగాని ట్రిమ్ అనే పద్ధతిలో తనే శుభ్రం చేసుకుంటుంది. తర్వాత ఎంత వెతికినా దొరకడం కష్టం.

కాబట్టి పాత డిస్కుని ముందే బయటికి తీసేయ్. కింద ఒక్క స్క్రూ విప్పితే ఆ గూడు మొత్తం జారి వస్తుంది. లేని డిస్కుని ఎవరూ చెరపలేరు. నువ్వు చూసే వీడియోల్లో పిల్లలు ఖాళీ డిస్కు మీద చేస్తారు, అందుకే "ఇరేజ్ డిస్క్" అన్నదాన్ని అంత ధైర్యంగా నొక్కుతారు. నువ్వు దాని జోలికి వెళ్ళకు. లినక్స్‌లో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు కనిపిస్తాయి, అవి ఒక్కోసారి మారుతుంటాయి. నీ పెన్‌డ్రైవ్ కూడా అందులో ఒక డిస్కులాగే ఉంటుంది. పేరుని నమ్మకుండా సైజూ మోడలూ చూడు.

తీసేముందు ఆ పాత డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేస్తే తెలుస్తుంది. పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న చోట్ల) దగ్గర సున్నా కాకుండా ఇంకేదైనా ఉన్నా, టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా, ఇంకేమీ చేయకుండా ముందు కాపీ తీయి. మీ అమ్మమ్మ రథసప్తమి వీడియో అందులోనే ఉంది. పెరట్లో పిడకల మీద పరమాన్నం వండి చిక్కుడాకుల్లో పెడుతున్నది. అప్పటికి నీకు నాలుగేళ్ళు. కెమెరా ముక్కలు నేనే కలిపి ఒక్క ఫైల్ చేశాను, 6 జీబీ ఉంటుంది. నా దగ్గరున్న కాపీ 2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో డిస్కుతో సహా పోయింది. ఇప్పుడు లోకంలో ఉన్నది మీ ఇంట్లోది ఒక్కటే. మీ నాన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే ఎక్కలేదని వదిలేశారట. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదని చూసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

ఇక ఎస్ఎస్‌డీ. జాగా విండోస్‌లోంచే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ వాల్యూమ్ కొట్టి తగ్గించు. 60 జీబీ ఉబుంటుకి చాలు. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయ్, ఇన్‌స్టాలర్ చూసుకుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయ్. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం పని దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్ వైపు నుంచి సీ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్ళు దెబ్బతింటాయి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకో. ఆ ల్యాప్‌టాప్‌లో కాదు, కాగితం మీద. 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ కనిపిస్తుంది, చిన్నదే కదా అని ఫార్మాట్ చేయకు. విండోస్, ఉబుంటు రెండూ లేచేది దాన్నుంచే.

ఇవన్నీ పొద్దున్నే చెయ్యి తల్లీ. ఈ ఎండలకి సాయంత్రమయ్యేసరికి ఈదురుగాలి లేచి మీ విజయనగరంలోనూ కరెంటు తీసేస్తున్నారట. పార్టిషన్ మార్చే మధ్యలో ఆగిపోతే అటూ ఇటూ కాకుండా పోతుంది. ఆ బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగట్లేదని మీ అమ్మే చెప్పింది. ఛార్జర్ని ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టు.

ఆదివారం కాంప్లెక్స్‌లో తొలి బస్సుకే బయల్దేరి వస్తాను. నేను మౌస్ పట్టుకోను, పక్కన కూర్చుంటాను. అన్నీ నువ్వే చెయ్యాలి. ఈలోగా వీడియో కాపీ ఒక్కటి కానిచ్చెయ్. కాపీ అయ్యాక దాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడు. చివర్లో, పరమాన్నం దించాక, అమ్మ గరిటె పట్టుకుని గుమ్మం వైపు తిరిగి నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు దాకా ఆగకుండా ఆడితే కాపీ సరిగ్గా వచ్చినట్టే. నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య