పరీక్షలో స్లిప్పుతో దొరికితే డిబార్ చేసేది ఎవరు?

డిబార్ చేసేది ఇన్విజిలేటర్ కాదు, యూనివర్సిటీ. అటానమస్ (పరీక్షలు సొంతంగా నిర్వహించుకునే) కాలేజీ అయితే అక్కడి పరీక్షల విభాగం. పట్టుకునే పని ఒకరిది, తీర్పు చెప్పే పని మరొకరిది.

హాల్లో జరిగేది ఆధారాల సేకరణే. జవాబు పత్రం, స్లిప్పు స్వాధీనం చేసుకుని, విద్యార్థి చేత వాంగ్మూలం రాయించి, పరీక్షా కేంద్రం బాధ్యత చూసే చీఫ్ సూపరింటెండెంట్ సీలు వేసి పైకి పంపుతారు. ఆ తర్వాత మాల్‌ప్రాక్టీస్ కమిటీ విద్యార్థిని పిలిచి అడుగుతుంది, స్లిప్పులో ఉన్నది జవాబుల్లోకి ఎక్కిందా అని పక్కపక్కన పెట్టి చూస్తుంది. కేసు తీవ్రత తేలేది ఇక్కడే.

ఉదాహరణకు విజయవాడ, గుంటూరుల్లోని జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీలనే తీసుకోండి. సబ్జెక్టుకు సంబంధించిన స్లిప్పు దగ్గరున్నా వాడకపోతే ఆ ఒక్క సబ్జెక్టే రద్దు. చూసి రాస్తే మాత్రం అప్పటికే రాసినవి, ప్రాక్టికల్స్‌తో సహా, ఆ సెమిస్టర్ మొత్తం పోతుంది. తేడా చిన్నది కాదు.

వాంగ్మూలం మీద సంతకం పెట్టకపోతే కేసే ఉండదని చాలామంది అనుకుంటారు. అది తప్పు: నిరాకరించారని రాసి, సాక్షుల సంతకాలతో పంపేస్తారు. పైగా స్లిప్పు ఎక్కడ దొరికింది, అందులోంచి ఏమైనా రాశారా అన్నది మీ మాటల్లో నమోదయ్యే తొలి అవకాశమూ చేజారుతుంది.