కంటి కండ తీయిస్తే నల్లగుడ్డు అంచు దెబ్బతింటుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఇన్నేళ్లూ మిరప తోటలో ఎండకు పనిచేసిన మనిషి. కుడి కంట్లో ముక్కు వైపు నుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకింది. తీయించుకోమని డాక్టరుగారు చెప్పారు. అయితే మా బాబాయికి పదేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేస్తే, ఏడాది తిరగకుండానే మునుపటికన్నా మందంగా మళ్లీ పెరిగింది. కోయడం వల్ల నల్లగుడ్డు చుట్టూ ఉండే భాగం పాడవుతుందా? – ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున ఒక వలయం ఉంటుంది. దాన్ని లింబస్ అంటారు. నల్లగుడ్డు పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు అక్కడే ఉంటాయి. తెల్లగుడ్డు మీది పొర, దానిలోని రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి రాకుండా ఆపే పొలం గట్టు వంటిది కూడా అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి తగలడం వల్ల ఆ గట్టు ఒకచోట బలహీనపడుతుంది. కణత వైపు నుంచి పడే వెలుతురు నల్లగుడ్డులోంచి వంగి ముక్కు వైపు అంచున కేంద్రీకృతమవుతుంది కాబట్టి, కండ ఎక్కువగా ఆ వైపే మొదలవుతుంది. అంటే మీ నాన్నగారికి అక్కడి అంచు ఆపరేషన్‌కు ముందే దెబ్బతిని ఉంది. కత్తి వల్ల కొత్తగా పాడవుతుందని భయపడనక్కరలేదు.

అసలు చూడవలసింది కండ తీశాక ఏర్పడే ఖాళీని ఏంచేస్తారన్నది. పాత పద్ధతిలో తెల్లగుడ్డును అలాగే వదిలేసేవారు. పుండు మానే క్రమంలో వాపు వచ్చి, రక్తనాళాలూ పీచు కణజాలమూ తెగిన గట్టు మీదుగా మళ్లీ లోపలికి వచ్చేవి. ఆ పద్ధతిలో నూటికి పాతిక మందికి తక్కువ కాకుండా, కొన్ని అధ్యయనాల్లో సగానికి పైగా రోగులకు, కండ తిరగబెట్టింది. మీ బాబాయిగారికి ఎలా చేశారో మీ ఉత్తరంలో లేదు గానీ, ఏడాదిలోపు మందంగా పెరగడమన్నది ఈ కథకు సరిపోతుంది.

ఇప్పుడు చాలాచోట్ల అదే కంటి పైరెప్ప కింది నుంచి, తెల్లగుడ్డు మీది పొరలో ఉల్లిపొరంత పలుచని ముక్కను తీసి, ఆ ఖాళీలో పరిచి, ఫైబ్రిన్ జిగురుతోనో సన్నని కుట్లతోనో అతికిస్తారు. ముక్కను తీసేటప్పుడే లింబస్ వైపు అంచు ఏదో గుర్తుపెట్టుకుని, అతికించేటప్పుడు ఆ అంచును లింబస్ వైపే ఉంచుతారు. కొత్త గట్టు కట్టడమంటే ఇదే. ముక్క తీసిన చోట కొన్ని వారాల్లో పొర తిరిగి వస్తుంది. చేయి తిరిగిన సర్జన్ చేస్తే కండ మళ్లీ పెరిగే అవకాశం సాధారణంగా నూటికి పది లోపే. మీ నాన్నగారికి గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు, నీటికాసులు) ఉంటే ముందే చెప్పండి. భవిష్యత్తులో గ్లకోమా ఆపరేషన్ అవసరమైతే పైభాగపు పొర పనికొస్తుంది కాబట్టి, ముక్కను కింది వైపు నుంచి తీయవలసి రావచ్చు.

ఇబ్బందులు అసలు లేవని అనను. తిరగబెట్టకుండా ఉండేందుకు కొందరు మైటోమైసిన్ మందు వాడతారు. దాని మోతాదు మించితే తెల్లగుడ్డు పలుచబడి కొన్నేళ్ల తర్వాత కూడా బాధించవచ్చు. అతికించిన ముక్క ఉబ్బి ఎత్తుగా నిలిస్తే, దాని పక్కన కన్నీటి పొర సరిగా పరుచుకోక నల్లగుడ్డు అంచు ఎండి గుంటపడవచ్చు. చుక్కల మందుతో ఇది సాధారణంగా సర్దుకుంటుంది. పదేపదే ఆపరేషన్లు జరిగి మూలకణాలు బాగా తగ్గిపోయిన కళ్లకు మాత్రం వేరే చికిత్స కావాలి. ఆరోగ్యంగా ఉన్న కంటి లింబస్ ముక్కను చిన్న చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద అమర్చే పద్ధతిని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో వివరించారు. మీ నాన్నగారిది తొలి ఆపరేషన్ కాబట్టి అంతదూరం వెళ్లే అవసరం దాదాపు ఉండదు.

డాక్టరుగారిని “కండ తీసిన చోట పొర అతికిస్తారా?” అని నేరుగా అడగండి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కన్ను ఎర్రగా ఉంటుంది. ఆ సమయంలో నలపకూడదు. స్టెరాయిడ్ చుక్కలు వేసినన్నాళ్లు కంటి ఒత్తిడి పరీక్షించాలి. కండ లాగడం వల్ల మారిన నల్లగుడ్డు వంపు సర్దుకోవడానికి సమయం పడుతుంది కనుక, అద్దాల నంబరు కోసం రెండు మూడు నెలలు ఆగి వెళ్లడం మేలు.