సిరొంచ నుంచి మామ ఉత్తరం

చి. మేనకోడలికి, సిరొంచ నుంచి మామ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ప్రాణహిత నిండుగా పారుతోంది.

నీ సైన్స్ ఫిక్షన్ కథ చదివాను, బాగుంది. కానీ దాన్ని ఆరు పత్రికలకి ఒకేసారి పంపేస్తానన్నావట, కాస్త ఆగు బిడ్డా. క్లార్క్స్‌వరల్డ్ (అమెరికా నుంచి ఇంగ్లీషులో వచ్చే సైన్స్ ఫిక్షన్ పత్రిక) లాంటివి తమ పరిశీలనలో ఉన్న కథని ఇంకొకరికి పంపితే ఒప్పుకోవు. అది అలా ఉంచు. ఆ ఆరింటిలో ఎన్నింటి కొత్త సంచిక చదివావు?

నేనూ చదవకుండా పంపినవాణ్ణే. రిటైరైన కొత్తలో, పడవ నడిపేవాడికి నదిలో భవిష్యత్తు నుంచి వచ్చిన యంత్రం దొరికే కథ ఒకటి రాసి ఒక ఫాంటసీ పత్రికకి పంపాను. నాలుగో రోజుకే తిరిగొచ్చింది. మారుమూల ఊరివాడినని చిన్నచూపు చూశారనుకుని రెండ్రోజులు మండిపడ్డాను. తర్వాత వాళ్ళ సంచిక తెరిస్తే అందులో ఒక్క కథా మన భూమ్మీద జరగదు! బియ్యం కొట్టుకెళ్ళి చెప్పులడిగినట్టయింది నా పని.

క్లార్క్స్‌వరల్డ్ నెలనెలా వస్తుంది, స్ట్రేంజ్ హొరైజన్స్ వారంవారం. రెండూ ఫోన్‌లో ఉచితంగా చదవొచ్చు. సంచిక రాగానే ముందు అన్ని కథల మొదటి పేరాలు చదువు. వింత విషయం ఎన్నో వాక్యంలో వచ్చిందో లెక్కపెట్టు. నీ కథలో అది మూడో పేజీకి గానీ రాలేదు. తర్వాత నీకు నచ్చని కథని రెండుసార్లు చదువు. నచ్చినదాన్ని ఎలాగూ చదువుతావు, కానీ ఎడిటర్ రుచి తెలిసేది నచ్చనిదానిలోనే. అలాగని అలాంటి కథే రాసి పంపకు. ఇవాళ వచ్చిన కథల్ని వాళ్ళు నెలల కిందటే తీసుకుని ఉంటారు.

ఏఐతో ఇంగ్లీషు దిద్దించుకుంటానన్నావు. వద్దు. 2023 ఫిబ్రవరిలో ఏకంగా మిషన్‌తోనే రాయించిన కథలు వరదలా వచ్చిపడితే క్లార్క్స్‌వరల్డ్ కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేసింది. నీ ఇంగ్లీషులో కాస్త తెలుగు వాసన ఉంటే ఉండనీ.

కథతో పంపే ఉత్తరం నాలుగు లైన్లు చాలు. పేరున్న ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి కథ పంపినప్పుడు, తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని మారుపేరు పెట్టుకున్నారు. చేతిరాత గుర్తుపడతారని భార్యతో రాయించారు కూడా. అయినా మొదటి బహుమతి ఆ కథకే వచ్చింది. నువ్వేమో డిగ్రీ మార్కులతో సహా రాశావు!

కథ చూడ్డానికే ఫీజు అడిగేవాళ్ళ జోలికి పోకు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం లెక్కలో మంచి పత్రిక అంటే పదానికి కనీసం 8 సెంట్లు మనకే ఇవ్వాలి.

ఇంకో మాట. నీ కథ న్యూయార్క్‌లో ఎందుకు జరగాలి? మన వైపు పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) దగ్గర తవ్వితీసిన రాకాసిబల్లి ఎముకల్ని కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. దాని పేరు బారాపాసారస్. 'బారా పా' అంటే బెంగాలీలో పెద్ద కాలు. మన నేలలో దొరికినదానికి బెంగాలీ పేరు! నాకు ఇప్పటికీ కొంచెం ఉక్రోషమే. అంతేనా, 2022 ఏప్రిల్ 2 రాత్రి చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరీలో ఆకాశం నుంచి పెద్ద లోహపు చక్రం పడింది. చైనా రాకెట్ ముక్క అన్నారు. దాన్ని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ హవల్దారు రిజిస్టర్‌లో దాన్ని ఏమని రాసుకుని ఉంటాడు? నేనైతే కథ అక్కడ మొదలుపెడతాను.

దసరాకి వచ్చేటప్పుడు క్లార్క్స్‌వరల్డ్ ఆ నెల సంచిక ప్రింట్ తీయించి తీసుకురా. ఫోన్‌లో చదివితే నా కళ్ళు మండుతున్నాయి. అక్షరాలు పెద్దగా ఉండేట్టు చూడు.

ఆశీస్సులతో,
మామ