తియ్యగా ఉన్న పండు, ‘స్వీట్‌లీ’ కాని మాట

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇంగ్లీషు వాక్యంలో విశేషణాన్ని గుర్తించమంటే నామవాచకంతోనో, క్రియతోనో, క్రియావిశేషణంతోనో కలిపేస్తోంది. ‘ది మ్యాంగో టేస్ట్స్ స్వీట్‌లీ’ అని రాస్తే టీచరుగారు తప్పు కొట్టారు. పండు తియ్యగా ఉందన్నప్పుడు ‘స్వీట్‌లీ’ ఎందుకు కాకూడదు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి తెలుగులో ఆలోచించి రాసింది కనుకనే ఆ వాక్యం అలా వచ్చింది. మనకు ‘గా’ చేరిన మాట రెండు పనులు చేస్తుంది. ‘మెల్లగా నడిచాడు’ అన్నప్పుడు నడిచిన తీరును చెబుతుంది. ‘పండు తియ్యగా ఉంది’ అన్నప్పుడు పండుకున్న గుణాన్ని చెబుతుంది. ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ వేర్వేరు మాటలు కావాలి. పని జరిగిన తీరుకు క్రియావిశేషణం, కర్తకున్న గుణానికి విశేషణం వాడతారు. తియ్యదనం పండుది కాబట్టి ‘టేస్ట్స్ స్వీట్’ అనే రాయాలి.

లుక్, టేస్ట్, స్మెల్, ఫీల్, సౌండ్ వంటి క్రియల దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు. అక్కడ క్రియను తీసి ‘ఈజ్’ గాని ‘వాజ్’ గాని పెట్టి చూడమనండి. ‘షీ లుక్డ్ సాడ్’ అనే వాక్యం ‘షీ వాజ్ సాడ్’ అని మార్చినా నిలుస్తుంది. కాబట్టి ‘సాడ్’ విశేషణం. ‘షీ లుక్డ్ సాడ్‌లీ ఎట్ ది బ్రోకెన్ పాట్’ అన్నచోట ‘వాజ్’ పెడితే వాక్యం చెడుతుంది. అక్కడ చూడడమనే పని నిజంగా జరిగింది, ఆ చూపు ఎలాంటిదో ‘సాడ్‌లీ’ చెబుతోంది. మీ అమ్మాయికి ఇంకో ఆసరా కూడా ఉంది. ఒడియాలో ‘సుందర దిశుఛి’, ‘మిఠా లాగుఛి’ అంటారు గదా, ‘సుందర’, ‘మిఠా’ అనే విశేషణాలు ఏ ప్రత్యయమూ చేరకుండానే క్రియ ముందు నిలుస్తున్నాయి. ఈ ఒక్క విషయంలో తెలుగుకన్నా ఒడియాయే ఇంగ్లీషుకు దగ్గర. సరిహద్దు ఊళ్ల పిల్లలకు రెండు భాషలు రావడం ఇలాంటిచోట పెద్ద మేలు. బడిలో నేర్చినదాన్ని ఇంట్లో వాడుకోనివ్వండి.

చివర ‘లీ’ ఉంటే క్రియావిశేషణమే అన్న సూత్రాన్ని మాత్రం నమ్మవద్దు. ఫ్రెండ్లీ, లోన్లీ, లవ్లీ విశేషణాలే. ‘ఫాస్ట్’ అయితే రూపం మారకుండా రెండు పనులూ చేస్తుంది: మీ ఊరి మహేంద్రతనయను ‘ఎ ఫాస్ట్ రివర్’ అంటే విశేషణం, ‘ది రివర్ ఫ్లోస్ ఫాస్ట్’ అంటే క్రియావిశేషణం.

నామవాచకంతో వచ్చే చిక్కుకు మీ ఊళ్లో చేసే కొమ్ము దువ్వెననే చూడండి. ‘హార్న్ కోంబ్’లో ‘హార్న్’ దువ్వెన ఎలాంటిదో చెబుతున్నా అది నామవాచకమే. దాని ముందు ‘వెరీ’ చేరదు, ‘ది కోంబ్ ఈజ్ హార్న్’ అనడమూ వాడుక కాదు. ‘స్మూత్ కోంబ్’లో ‘స్మూత్’కు రెండూ కుదురుతాయి. అయితే ‘వెరీ’ చేరనంత మాత్రాన విశేషణం కాదనడానికి వీల్లేదు. ‘వుడెన్’ విశేషణమే అయినా ‘వెరీ వుడెన్ కోంబ్’ అనం.

క్రియతో పోలిక వచ్చేది ముఖ్యంగా ‘ఇంగ్’, ‘ఎడ్’ చివరున్న మాటల్లో. ‘ది లెసన్ ఈజ్ బోరింగ్’లో ‘బోరింగ్’ ముందు ‘వెరీ’ పెట్టవచ్చు, కాబట్టి విశేషణం. పనివాడు కొమ్ముకు బెజ్జం వేస్తున్నాడన్న అర్థంలో ‘హీ ఈజ్ బోరింగ్ ఎ హోల్’ అంటే అక్కడ ‘వెరీ’ చొరబడదు, పైగా వెనుక ‘హోల్’ అనే కర్మ ఉంది, అది క్రియ.

అందుకే మాటల జాబితాలు బట్టీ పట్టించకుండా, ప్రతి మాటనూ వాక్యంలోనే పెట్టి అడగండి. ఉదాహరణకు ‘వెల్’ తీసుకోండి: ‘షీ సింగ్స్ వెల్’లో క్రియావిశేషణం, ఒంట్లో బాగుందని చెప్పే ‘ఐ యామ్ వెల్’లో విశేషణం, ‘ది వెల్ ఈజ్ డీప్’లో నీళ్ల బావి.