మెగ్నీషియం పొడి ప్రాజెక్టా? ముందు గ్లవ్ బాక్స్ సంగతి అడగండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెటలర్జీ మూడో ఏడాది. మెగ్నీషియం మిశ్రమ లోహాల పొడిని బాల్ మిల్‌లో (ఉక్కు గుండ్లతో దంచే యంత్రం) తయారుచేసి హైడ్రోజన్ నిల్వకు వాడే ప్రాజెక్టు తీసుకుంటానంటోంది. ఆ పొడి భగ్గుమంటుందట. పైగా దీంతో ఉద్యోగాలొస్తాయా? కోడింగ్ కోర్సులో చేర్పిస్తే నయమా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. అప్పుడే మిల్లు ఆడించిన సన్నటి మెగ్నీషియం పొడి గాలి తగిలితే అంటుకోవచ్చు. నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది. అందుకే ఆర్గాన్ అనే జడవాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లోనే (గోడకు బిగించిన గ్లవ్స్‌లో చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టె) పొడిని తూచి, జార్‌లో వేసి, మూత బిగించి బయటికి తీస్తారు. మిల్లింగ్ అయ్యాక జార్ చల్లారనిచ్చి మళ్లీ గ్లవ్ బాక్స్‌లోనే తెరుస్తారు. ల్యాబ్‌లో గ్లవ్ బాక్స్ సరిగా పనిచేస్తోందా, పక్కన పొడి ఇసుకో, లోహాల మంటలార్పే డి క్లాస్ సిలిండరో ఉందా అని అమ్మాయిని గైడ్‌నే అడగమనండి. లేవంటే ప్రాజెక్టు మార్చుకోవాల్సిందే. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇక ఉద్యోగం. హైడ్రోజన్ పట్టుకున్న మెగ్నీషియం, అంటే మెగ్నీషియం హైడ్రైడ్ బరువులో 7.6 శాతం హైడ్రోజనే. గది ఉష్ణోగ్రతలో పనిచేసే లాంథనం-నికెల్ మిశ్రమంలో అది 1.4 శాతం దగ్గరే ఆగిపోతుంది. చిక్కల్లా, మెగ్నీషియం పట్టుకున్నదాన్ని వదలాలంటే సుమారు 300 డిగ్రీల వేడి కావాలి. గంటల తరబడి ఉక్కు గుండ్లతో దంచితే హైడ్రోజన్ వచ్చిపోయే వేగం బాగా పెరుగుతుంది గానీ, కావలసిన వేడి పెద్దగా తగ్గదు. నికెల్ కలిపితే వేడి కాస్త తగ్గుతుంది, నిల్వ 3.6 శాతానికి పడిపోతుంది. ఈ బేరం ఇంకా తెగలేదు. 2023 జనవరిలో ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ చూడండి: 19,744 కోట్లలో 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్లకూ హైడ్రోజన్ ఉత్పత్తికీ, పరిశోధనకు 400 కోట్లు. కాబట్టి అచ్చంగా నిల్వ మీదే ఉద్యోగమంటే దొరకడం కష్టం.

అయినా నేను వద్దనను. పొడి బరువుకు గుండ్లు పదింతలు వేయాలా ఇరవై ఇంతలా, పొడి జార్ గోడలకు అతుక్కుంటే స్టియరిక్ ఆమ్లం ఎంత కలపాలి, గుండ్ల నుంచి ఇనుము ఎంత చేరింది, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గ్రాఫులో శిఖరాలు ఎందుకు వెడల్పయ్యాయి? ఇవి చేతికి వచ్చినవాళ్లకు కార్బైడ్ పనిముట్లు, అయస్కాంతాలు, త్రీడీ ప్రింటింగ్ పొడులు తయారయ్యే చోట్ల పని ఉంటుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో పౌడర్ మెటలర్జీ మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది, ఇంటర్న్‌షిప్‌కు రాసి చూడమనండి. గేట్‌లో మెటలర్జీ పేపర్ కూడా రాయాలి. ఎంటెక్ లేకుండా ఈ దారిలో ముందుకెళ్లడం కష్టం.

కోడింగ్ మానక్కర్లేదు. మిల్లు వేడెక్కకుండా ఆపుతూ ఇరవై గంటలు తిప్పాల్సి వస్తుంది. ఆ పక్కన కూర్చుని పైథాన్ నేర్చుకోవచ్చు, హైడ్రోజన్ ఎంత పట్టిందో గ్రాఫులు గీయడానికి ఎలాగూ కావాలి.