తెరమీద నెమలికంఠం, కార్డుమీద వంకాయ రంగు

ప్రశ్న: మా అక్క పెళ్ళి శుభలేఖ నేనే కాన్వాలో డిజైన్ చేశాను. ఫోన్‌లో నెమలికంఠం నీలం మెరిసిపోయింది. ఆఫ్‌సెట్‌లో 500 వేయించి ఇంటికి తెస్తే వంకాయ రంగు! ముహూర్తం లైన్లో చిన్న అక్షరాలు అలికినట్టున్నాయి. అడిగితే ప్రెస్సాయన ‘ఫైలే అలా ఉందమ్మా’ అన్నారు. వచ్చే నెల తమ్ముడి ఒడుగు కార్డు కూడా నామీదే పెట్టారు. టెన్షన్‌గా ఉంది. తప్పు నాదా, వాళ్ళదా?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు ఉత్తరంతో పంపిన కార్డును భూతద్దం కింద పెట్టాను. బెజవాడలో ఒక ప్రెస్సులో, అచ్చుకు ప్లేట్లు చేసే గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. ఏ శుభలేఖ చేతికొచ్చినా పెళ్ళెవరిదో తర్వాత, ముందు అచ్చులోని సిరా చుక్కలు చూస్తాను. మా ఆవిడ దీనిమీద చుట్టాల దగ్గర నన్ను బాగానే ఆటపట్టిస్తుంది. మీ నీలంలో సయాన్ (ఆకాశనీలం) చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో, మెజెంటా (ముదురు గులాబీ) చుక్కలూ దాదాపు అంతే ఉన్నాయి. వంకాయ రంగు రాక ఏమొస్తుంది?

ఫోన్ తెర రంగును వెలుగుతో చూపిస్తుంది. ప్రెస్సులో వెలుగు లేదమ్మా, నాలుగు సిరాలే: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. తెరమీద మెరిసే ఆ నీలం వీటితో రానే రాదు. సాఫ్ట్‌వేర్ ఫైలును సీఎంవైకేలోకి, అంటే ఈ నాలుగు సిరాల లెక్కలోకి మార్చేటప్పుడు దానికి తోచిన దగ్గరి రంగు ఇస్తుంది, అందులో మెజెంటా దండిగా పోస్తుంది. అందుకే రంగును అంకెలతో ఎంచుకోండి, కంటిని నమ్మకండి. నీలం నీలంగా రావాలంటే సయాన్ కన్నా మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉండాలి. నెమలికంఠానికి సయాన్ 100, మెజెంటా 50, పసుపు 10తో మొదలుపెట్టి చూడండి. ఒడుగు కార్డు కాబట్టి పసుపూ కుంకుమా ఎలాగూ పెడతారు. పసుపుకు పసుపు సిరా 100, మెజెంటా 15 నుంచి 20. అందులో నలుపు ఐదు శాతం కలిసినా మురికి పట్టినట్టుంటుంది. కుంకుమకు మెజెంటా 100, పసుపు 100.

ఇక అక్షరాలు. ‘లక్ష్మి’లో క్ష కింద వేలాడే మ వత్తును చూశాను. ఒక అంచున గులాబీ గీత, ఇంకో అంచున నీలి గీత, మధ్య ఖాళీ పూడిపోయింది. మీరు పెట్టింది తెరమీది నలుపు. ఫోటోషాప్ మామూలు సెట్టింగుల్లో ఆ నలుపు సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90గా మారుతుంది. కాన్వా ఫైలును ప్రెస్సులో మార్చినా జరిగేది ఇలాంటిదే. ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు కాబట్టి, ఒక్కో అక్షరం నాలుగు ప్లేట్లమీద పడుతుంది. మిషన్లో కాగితం వెంట్రుకవాసి జరిగితే చాలు, గుడులూ వత్తులూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. చిన్న అక్షరాలన్నీ నలుపు 100, మిగతా మూడూ సున్నా ఉండాలి. కాన్వాలో సీఎంవైకే పీడీఎఫ్ డబ్బు కట్టే ప్రో ఖాతాకే వస్తుంది. లేకపోతే బొమ్మలు మాత్రం అందులో చేసుకుని, అక్షరాలు ప్రెస్సులో డీటీపీ అబ్బాయి చేత కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో వేయించండి. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లయితే కర్వ్స్ చేయకుండా, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చకుండా బయటికి పంపకండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మీ తాతగారి పేరు ఇంగ్లిష్ గుర్తుల కుప్పైపోతుంది. కర్వ్స్ చేశాక తప్పులు దిద్దలేం కాబట్టి అసలు ఫైలు విడిగా దాచుకోండి.

నలుపంటే గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఒక క్యాలెండర్‌కి నలుపు చిక్కగా రావాలని నాలుగు రంగులూ 100 పెట్టాను. మొత్తం 400 శాతం సిరా! షీట్లు ఆరలేదు. దొంతరలో కింది షీటు నలుపు పై షీటు వెనక అంటుకుని వెయ్యి షీట్లు పాడయ్యాయి. ఓనరు పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు నున్నటి ఆర్ట్ పేపరుమీదైనా నాలుగు సిరాలూ కలిపి 300 శాతం దాటనివ్వను. నల్ల బ్యాక్‌గ్రౌండుకు సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 చాలు.

కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడు, అంటే కటింగులో పోయేలా రంగు అంచు దాటి అదనంగా వదలండి. అంచుకు ఆనుకుని బోర్డరు పెట్టకండి, కటింగులో ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అవుతుంది. తమ్ముడి ఫోటో వాట్సాప్‌లో డాక్యుమెంటుగా తెప్పించుకోండి. అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్ళు రావాలి.

తప్పెవరిదంటే, ఫైలు వరకూ తప్పు మీదే. కానీ ప్లేటు వేసేముందు ప్రూఫ్, అంటే నమూనా అచ్చు చూపించాల్సింది వాళ్ళు. ఈసారి అడిగి తీయించుకోండి. రంగు అచ్చం అలాగే రాకపోయినా వంకాయ ముందే బయటపడుతుంది. ప్రెస్సులో ట్యూబులైటు కింద చూసి సరేననకండి, గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి.

ప్రశ్న: కార్డుమీద బంగారు రంగు పెడితే ఆవపిండిలా వచ్చింది. ఏ రంగు ఎంత శాతం పెట్టాలి?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎంత పెట్టినా ఆవపిండే. మెరుపు నాలుగు సిరాల్లో లేదు. ఫాయిల్, అంటే మెరిసే పలుచని రేకు, వేయించండి. ఫాయిల్ పడే భాగాన్ని విడిగా ఒక ఫైలులో, నలుపు 100తో, షేడింగు లేకుండా ఇస్తే దాంతో రేకును అద్దే బ్లాకు చేయిస్తారు. మరీ సన్న గీతలు పెట్టకండి, ఫాయిల్ నిలవదు.