అమ్మ చెయ్యి వేస్తే ఎందుకంత ఇబ్బంది?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. నాన్నగారు పోయాక అమ్మను గాజువాక నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. ట్యాబ్, వీడియో కాల్స్, కూరగాయలకు యాప్, అన్నీ అమర్చాం. అయినా మీటింగ్ మధ్యలో వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది, మోకాళ్లకు నూనె రాయమంటుంది. నాకేమో చిరాకు. నాకు ప్రేమ లేదా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్రేమ లేకపోతే ఈ ఉత్తరమే రాసేవారు కాదండీ. మీకు తప్పింది అలవాటు. మన ఇళ్లలో మగపిల్లాడికి మీసం వచ్చేసరికి అమ్మ ఒళ్లో తల పెట్టుకోవడం ఆగిపోతుంది, ఆ తర్వాత పండక్కి కాళ్లకు దండం పెట్టడం తప్ప ఆవిడను తాకే సందర్భమే రాదు, అందుకే ఇన్నేళ్లకు భుజం మీద చెయ్యి పడితే ఒళ్లు ముడుచుకుంటోంది.

ఆవిడ సంగతి చూడండి. భర్త పోయిన ఆడమనిషిని మన దగ్గర ఎవరు ముట్టుకుంటారు? గాజువాకలో అయితే పక్కింటావిడ చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పేదేమో, ఇక్కడ ఆ మనుషులు స్క్రీన్‌లోకి వెళ్లిపోయారు. కూరగాయలూ యాప్‌లోనే వస్తుంటే బెండకాయ కొస విరిచి చూసే పని కూడా ఆ చేతులకు లేకుండా పోయింది. ఆవిడ అడుగుతున్నది నూనె ఒక్కటే కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముంజేయి, వీపు లాంటి చోట్ల చర్మంలో నెమ్మదిగా నిమిరితేనే బాగా స్పందించే నరాలు ఉంటాయి, సి-టాక్టైల్ నరాలంటారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, వెచ్చని చేత్తో నిమిరితే వాటికి సరిగ్గా అందుతుంది. వీడియో కాల్ ముఖాన్నీ గొంతునీ తేగలదు, దీన్ని తేలేదు.

కౌగిలింతలతో మొదలుపెట్టకండి, ఇద్దరికీ మొహమాటమే. పనితో మొదలుపెట్టండి. ఆవిడ గోళ్లు తీయండి. "అమ్మా, ఏడింటికి వస్తా" అని చెప్పి, ఏడింటికి నిజంగానే ఫోన్ వేరే గదిలో పెట్టి వెళ్లి నూనె రాయండి. గట్టిగా పిసక్కండి, మోకాలు ఎర్రబడి వాచినా, ఒక పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పెట్టినా మర్దన మానేసి డాక్టర్‌కి చూపించండి. మాటలు రాకపోతే ఊరుకోండి, నాన్నగారి ఊసు ఆవిడే ఎత్తవచ్చు, అప్పుడు మాత్రం లేచిపోకండి. ఆదివారం రైతు బజారుకు తీసుకెళ్లి బేరం, ఏరుకోవడం ఆవిడకే వదిలేయండి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోండి.

ఇంకొకటి, ఈ పని మీ భార్యకు అప్పజెప్పకండి. అమ్మ అడిగింది మిమ్మల్ని.